లైట్లు ఎక్కువ వెలిగిన ఎండాకాలం

మార్చి ఆఖరి వారంలో మా గల్లీలో నాలుగు టీవీలు కాలిపోయాయి. నాలుగూ నా బల్ల మీదికే వచ్చాయి.

లాల్‌దర్వాజాలో మాది చిన్న రిపేరు దుకాణం. టీవీలు, మిక్సీలు, కూలర్ మోటార్లు బాగుచేస్తాను. ముందు గది దుకాణం. వెనక రెండు గదుల్లో నేను, నా భార్య స్రవంతి, మా బాపు ఉంటాం. బాపు పేరు అంజన్న. ముప్పయ్యేళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. వైరు తోలు తీయడం దగ్గర్నుంచి నాకు పని నేర్పింది ఆయనే.

ఆ ఫిబ్రవరిలోనే దుకాణం మూసేద్దామనుకున్నాను. రిపేరు చేయించుకునేవాళ్లు తగ్గిపోయారు. పాతది పక్కన పెట్టి కొత్తది ఫోన్లో తెప్పించుకుంటున్నారు. శంషాబాద్ దగ్గర ఏదో గోదాములో పనుందని విని వెళ్లొద్దామనుకుంటుంటే బాపు ఆపాడు.

"ఎండాకాలం రానీ నర్సింహా. గిరాకీ అదే వస్తది" అన్నాడు.

నిజంగానే వచ్చింది. ఏప్రిల్ సగమయ్యేసరికి దుకాణంలో కాలుపెట్టే జాగా లేదు. టీవీలు, ఫ్రిజ్‌లు, వైఫై డబ్బాలు, ఒకరింట్లో కొత్తగా కొన్న వాషింగ్ మిషను. అన్నీ మా ఎదుటి వరుస ఇళ్లవే. బోర్డులన్నీ ఒకే తీరుగా కాలి ఉండేవి. కరెంటు లోపలికి వచ్చేచోట ఉండే చిన్న బిళ్ళ పగిలిపోయి, పక్కన కెపాసిటర్ ఉబ్బి, చుట్టూ మసి.

"ఓల్టేజీ ఎక్కువొచ్చింది" అని చెప్పేవాణ్ణి.

"ఎందుకొచ్చింది?" అంటే "కరెంటోళ్లను అడగాలె" అనేవాణ్ణి.

మళ్లీ కాలకుండా ఏం చేయాలని అడిగినవాళ్లకు ట్రూప్ బజారు నుంచి తెచ్చిన స్పైక్ బస్టర్లు, స్టెబిలైజర్లు అమ్మేవాణ్ణి. స్పైక్ బస్టర్‌లో ఉండేదీ అలాంటి చిన్న బిళ్ళే. ఎప్పుడో ఒక్క క్షణం కరెంటు ఎగిరితే ఆ దెబ్బ అది తింటుంది. నిమిషాల తరబడి మూడొందలు, మూడొందల యాభై ఓల్టులు వస్తే ముందు అదే కాలుతుంది. నేనమ్మే స్టెబిలైజర్లూ అంత ఓల్టేజీని తట్టుకోలేవు. ఈ సంగతి కొనేవాళ్లకు తెలియదు. నాకు తెలుసు.

ఒకరోజు పొద్దున నాగమణమ్మ వచ్చింది. ఎదురుగా జగదీశ్వర్ కిరాణా దుకాణం, దాని పైన మొదటి అంతస్తులో ఆమె ఇల్లు. ఆమె భర్త రామలింగయ్య సేట్‌కు బేగంబజార్‌లో ఇత్తడి సామాన్ల వ్యాపారం ఉండేది. ఊపిరితిత్తులు చెడిపోయి రెండేళ్లుగా ఇల్లు కదలడం లేదు. రోజంతా ముక్కుకు గొట్టం, మంచం పక్కన ఆక్సిజన్ మిషను.

"నర్సింహా, నిన్న మా ఫ్రిజ్ పోయింది. పోతే పోయింది. నా భయమంతా మిషను గురించి బిడ్డా. దానికి ఏమన్న అయితదా?"

"మంచి స్టెబిలైజర్ పెడత అమ్మా. అది ఉంటే ఫికర్ లేదు" అన్నాను.

నేనే తీసుకెళ్లి పెట్టాను. రామలింగయ్య సేట్ మాట్లాడితే ఆయాసం వస్తుంది కనుక చెయ్యెత్తి దండం పెట్టాడు. ఆయన కళ్లు కొత్త స్టెబిలైజర్ మీద మెరిసే అంకెల వైపే ఉన్నాయి. రెండొందల ముప్పై అని చూపిస్తోంది. పొద్దున తొమ్మిదింటికి ఎప్పుడూ అలాగే చూపిస్తుంది. తేడా వచ్చేదల్లా మధ్యాహ్నం, గల్లీలో కూలర్లన్నీ తిరిగే వేళకే.

జగదీశ్వర్‌కు పాలు, పెరుగు పెట్టే పెద్ద ఫ్రిజ్ రెండుసార్లు కాలింది. రెండోసారి తెచ్చినప్పుడు వెంటనే వెళ్లలేదు. గడప దగ్గర నిలబడి దుకాణమంతా చూశాడు.

"ఒక మాట అడుగుత. మీ దిక్కు ఒక్క చార్జర్ గుడ కాలలే. మా దిక్కే ఎందుకు కాలుతున్నయ్?"

"మా దిక్కు ఓల్టేజీ తక్కువొస్తున్నదన్నా. పగలు ఫ్యాన్ గుడ సక్కగ తిరుగుతలేదు."

"తక్కువొస్తే కాలవు గద. నీకు మంచిగనే ఉన్నది." నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "గా స్తంభాల మీద ఏ తీగ యాడికి పోతదో అంజన్నకు ఎర్కనే గద?"

"ఏమంటున్నవన్నా?"

"ఏమంటలే. అడుగుతున్న, గంతే."

ఆ మాట గల్లీలో తిరగడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. నీళ్లు పట్టేచోట స్రవంతి వెళ్లగానే మాటలు ఆగిపోయేవి. సామాను రిపేరుకు తెచ్చినవాళ్లు ఇదివరకటిలా వదిలేసి పోకుండా, నేను స్క్రూలు విప్పుతున్నంతసేపూ పక్కనే నిలబడి నా చేతులు చూసేవాళ్లు. ఒకాయన లోపలి భాగాలన్నిటినీ ముందే ఫోటో తీసుకున్నాడు. నాకు కోపం వచ్చింది. అయినా పని ఆపలేదు.

ఒక రాత్రి భోజనాల దగ్గర స్రవంతి అడిగింది. "గీ ఓల్టేజీ ఎందుకొస్తున్నదో నీకు నిజంగనే తెల్వదా?"

"చూడాలె" అన్నాను.

ఆమె పళ్లెం తీస్తూ మెల్లగా వేరే మాట చెప్పింది. "బాపు రోజూ పగటీలి మూడింటికి బయటికి పోతున్నడు. యాడికి మామా అంటే గుడికి అన్నడు. ఆ యాళ్లకు గుడి తలుపులు మూసి ఉంటయ్."

అప్పటిదాకా నేను గమనించలేదు. ఆ మాట తరువాత ఇంకొకటి గమనించడం నావల్ల కాలేదు.

మర్నాడు బాపు స్నానానికి వెళ్లినప్పుడు మంచం కింద ఆయన ఇనుప పెట్టె తీసి చూశాను. డ్యూటీలో వాడిన రబ్బరు గ్లవ్స్ పాత గుడ్డలో చుట్టి అడుగున ఉండేవి. ఇప్పుడు పైన ఉన్నాయి, గుడ్డ లేకుండా. వేళ్ల మధ్య కొత్తగా రాసిన పౌడరు ఉంది. పెట్టె మళ్లీ మంచం కిందికి నెట్టేశాను.

ఎండాకాలం రానీ, గిరాకీ అదే వస్తది. ఫిబ్రవరిలో అన్న ఆ మాట నాకు కొత్తగా వినపడటం మొదలుపెట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం దుకాణం తలుపు సగం వేసి, గల్లీ కనిపించేలా గడప లోపల కూర్చున్నాను. మా వరుసలో నాలుగిళ్ల అవతల ఎవరూ ఉండని పాత మిద్దె ఒకటుంది. దాని మెట్లు గల్లీలోకి చొచ్చుకొచ్చి బయటి నుంచే పైకి పోతాయి. ఆ మెట్లకు ఎదురుగా స్తంభం. మూడు దాటాక బాపు మెట్లెక్కడం కనిపించింది. చేతులకు గ్లవ్స్. మెట్ల మలుపులో దాచిపెట్టిన పొడుగాటి వెదురు కర్ర తీశాడు. అటూ ఇటూ చూసి, కర్ర చివర తీగల దాకా చాపి ఏదో పొడిచాడు. ఎదురుగా జగదీశ్వర్ దుకాణంలో ట్యూబ్‌లైటు టపటపా కొట్టుకుంది. బాపు మళ్లీ పొడిచాడు. కర్ర దించి, గ్లవ్స్ తీసి చొక్కాలో పెట్టుకుని దిగిపోయాడు.

నా తలమీద ఈడ్చుకుంటూ తిరుగుతున్న ఫ్యాను అప్పుడు వేగమందుకుంది. ఆ గాలికి బల్లమీద కాగితాలు లేచాయి. వాటిని చేత్తో అదిమిపట్టాను. ఫ్యాను ఎందుకు మారిందో క్షణం ఆలోచించి ఉంటే సరిపోయేది. నా మనసంతా బాపు చేతిలోని కర్ర మీదే ఉంది.

నాకోసమే చేస్తున్నాడనుకున్నాను. దుకాణం మూతపడకూడదని, నేను గోదాముకు పోకూడదని, ఈ వయసులో ఇంత పని చేస్తున్నాడనుకున్నాను. అడగలేదు. అడిగితే ఆయన ఆపేస్తాడని కూడా నాలో ఎక్కడో ఉందేమో, ఇప్పుడు చెప్పలేను. పది రోజులు ఆయన పక్కనే కూర్చుని తిన్నాను. ఆయన చేతులు చూస్తూ తిన్నాను.

ఆయన కూడా నన్ను చూసేవాడు. నా బల్ల దగ్గరికొచ్చి, విప్పిన బోర్డు ఒకటి తీసి వెలుతురుకు పట్టుకుని, మసిని బొటనవేలితో తుడిచి మళ్లీ పెట్టేసేవాడు. "మస్తు కాలుతున్నయ్ గదరా" అన్నాడొకసారి.

"అవును" అన్నాను.

ఇంకేమైనా అంటాననుకున్నట్టు కాసేపు నిలబడి లోపలికి వెళ్లాడు.

మే మూడో వారంలో ఎండ నలభై మూడు దాటింది. ఆ రోజు మధ్యాహ్నం నేను కూలర్ మోటారు చుట్టుకుంటున్నాను. బయట లొల్లి వినిపించింది.

"నర్సింహా! బయటికి రా! దొరికిండు!"

జగదీశ్వర్ గొంతు. పరుగెత్తాను. పాత మిద్దె మెట్ల దగ్గర పదిమంది దాకా ఉన్నారు. బాపు పైమెట్టు మీద ఉన్నాడు. వెదురు కర్ర ఒక కొన ఆయన చేతిలో, రెండో కొన కింద జగదీశ్వర్ చేతిలో.

"కండ్లార చూసినం. తీగలు గెలుకుతున్నడు మీ బాపు."

"ఇడువు జగదీశ్వర్. జెల్ది ఇడువు" అన్నాడు బాపు. ఆయన జగదీశ్వర్ వైపు చూడటం లేదు. తలెత్తి తీగల వైపే చూస్తున్నాడు. "తర్వాత ఏమన్నా అను. ముందుగాల కర్ర ఇడువు."

"ఎందుకు ఇడవాలె? ఇంకేం కాలవెట్టాలె? కొడుకు గిరాకీ కోసం మా కడుపులు కొడుతవా?"

అందరూ నావైపు తిరిగారు. నేను మెట్లెక్కి బాపు పక్కన నిలబడాల్సింది. కింది నుంచే అడిగాను.

"బాపూ, ఏం జేస్తున్నవ్ నువ్వు?"

బాపు కళ్లు తీగల మీదనుంచి దిగి నామీద ఆగాయి. తరువాత కర్ర వదిలేశాడు. ఒక్కొక్క మెట్టే దిగి, గ్లవ్స్ తీసి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"ఏం చేస్తలే" అన్నాడు.

జగదీశ్వర్ పోలీసులను పిలుద్దామన్నాడు. ఇంకొకరు అప్పుడే వద్దన్నారు. ఆ మాటలు నడుస్తుండగానే పైన చిటపటమని చప్పుడైంది. స్తంభం మీద నీలంగా ఏదో మెరిసింది. ఎదుటి వరుసలో లైట్లన్నీ ఎండను మించి తెల్లగా వెలిగాయి. జగదీశ్వర్ దుకాణంలో ట్యూబ్‌లైటు పట్టున పగిలింది. మా దుకాణంలో టెస్టింగ్ కోసం వేలాడదీసిన పెద్ద బల్బు ఎర్రటి దారంలా అయిపోయింది.

పైనుంచి నాగమణమ్మ కేక వేసింది. "అయ్యో! మిషను! మిషను కాలుతున్నది!"

అందరికంటే ముందు ఉరికింది బాపే. "మెయిన్ దించు!" అని అరుచుకుంటూ ఆమె మెట్లెక్కాడు. నేను కింద జగదీశ్వర్ దుకాణం స్టూలెక్కి మీటరు పెట్టె తెరిచి మెయిన్ దించి పైకి పరుగెత్తాను. గదిలో తెల్లటి పొగ. నేను పెట్టిన స్టెబిలైజర్ డొక్క కరిగి పక్కకు వంగిపోయింది. ఆక్సిజన్ మిషను ఆగిపోయింది. రామలింగయ్య సేట్ మంచం పట్టె రెండు చేతులతో పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. ఆయన నోరు తెరుస్తున్నాడు గానీ గాలి లోపలికి పోవడం లేదు.

"మిషను బయట వెయ్యి. పొగ పోయేదాక సిలిండర్ ముట్టొద్దు" అన్నాడు బాపు. సేట్‌ను మంచంతో సహా కిటికీ దగ్గరికి లాగాడు. నేను మిషను వరండాలోకి ఈడ్చేశాను. తలుపులన్నీ తెరిచాక నాగమణమ్మ మూలనున్న చిన్న సిలిండర్ తాళంచెవి ఇచ్చింది. బాపు దాన్ని తిప్పి, గొట్టం సేట్ ముక్కుకు పెట్టాడు.

సేట్‌ను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం దించాం. ఒక కాలు జగదీశ్వర్ పట్టాడు. గల్లీ మొదట్లో ఆటో ఆగి ఉంది. డ్రైవరు దిగి తనే సీటు సర్దాడు. "ఆరామ్‌సే బిఠావ్ భాయ్, మై దౌడాతూఁ" అన్నాడు, మెల్లగా కూర్చోబెట్టండి, బండి నేను ఉరికిస్తానని. సిలిండర్ కాళ్ల మధ్య పెట్టుకుని నేనూ ఎక్కాను. దారిలో నాగమణమ్మ ఒక్కటే మాటంది, నావైపు చూడకుండా.

"ఫికర్ లేదంటివి గద నర్సింహా."

దవాఖానలో వెంటనే చేర్చుకున్నారు. గంట తరువాత ఊపిరి కుదుటపడిందని, వారం రోజులైనా ఉంచాలని డాక్టరు చెప్పాడు. స్రవంతి అన్నం డబ్బా తీసుకుని వచ్చింది. నేను వరండాలోకొచ్చి కరెంటోళ్ల కంప్లయింటు నంబరుకు ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి సమస్య ఏమిటని అడిగింది.

"న్యూట్రల్ పోయింది. స్తంభం మీద జాయింటు తెగి, ఒక దిక్కు తక్కువ, ఒక దిక్కు ఎక్కువ వస్తున్నది" అన్నాను.

న్యూట్రల్ అంటే రెండు వరుసల కరెంటూ తిరిగిపోయే ఉమ్మడి తీగ. ఆలోచించకుండానే వచ్చింది ఆ మాట. ఫోన్ జేబులో పెట్టుకుంటుంటే స్రవంతి నా ముఖంలోకి చూసింది.

"ఇన్ని రోజులు గీ మాట యాడున్నది?" అంది.



సాయంత్రం నేను గల్లీకి తిరిగొచ్చాక లైన్‌మన్ డానియేలు మరో ఇద్దరితో వచ్చాడు. కరెంటు బంద్ చేసి స్తంభమెక్కి, పాత జాయింటు కోసి, కొత్త క్లాంపు బిగించాడు. అరగంట కూడా పట్టలేదు. దిగి వచ్చి కాలిన ముక్క జగదీశ్వర్ చేతిలో పెడితే బొగ్గులా పొడిపొడిగా రాలింది. జగదీశ్వర్ ఆ మసి చేతిని చూసుకున్నాడు. వెళ్లేముందు డానియేలు నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, అంజన్న మూడుసార్లు ఆఫీసుకొచ్చి చెప్పిండు. మనుషులు లేరు, లైన్ బంద్ చేయనీకి పర్మిషన్ దొరకలే. ఇయ్యాల రేపు అనుకుంట నేనే జరిపిన. జాయింటు జారినప్పుడల్లా పెద్దమనిషి కట్టెతోని పొడిచి కూసుండవెడుతున్నడని నాకు తెల్సు. గట్ల చేసుడు తప్పు. కానీ ఆయన చెయ్యకుంటే గీ గల్లీల ఇంకా మస్తు కాలేవి."

ఆ రాత్రి బాపు సేట్‌కు తోడుగా దవాఖానకు వెళ్లి అక్కడే ఉండిపోయాడు. పొద్దున నేను వెళ్లేసరికి వరండా చివర బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చాయ్ ఇచ్చాను. తీసుకున్నాడు.

"నాకు చెప్పరాదా బాపూ?" అన్నాను.

"నీకు చెప్పేదేముంది?" చాయ్ ఊదుకుంటూ మెల్లగా అన్నాడు. "రెండు నెలల సంది నీ బల్లమీదికి వచ్చిన బోర్డులన్నీ ఒక్క తీర్గనే కాలినయ్. ఆ దిక్కు ఎక్కువ, మన దిక్కు తక్కువ. గది దేంతోని అయితదో నీకు పదహారేండ్లప్పుడే చూపెట్టిన. తెల్సే ఊకున్నవనుకున్న."

తలొంచి నా గోళ్లలోని మసి చూసుకున్నాను.

"వాళ్లకు చెప్దామంటే, మరి నీ కొడుకు గవన్నీ ఎందుకమ్మిండు అంటరు. అందుకే చెప్పలే. నా తప్పు గది."

"నన్నన్నా అడగకపోతివి."

"అడిగితే తెల్వదంటవ్. గా మాట నీ నోట ఇనబుద్ధి కాలే." గ్లాసు పక్కన పెట్టాడు. "నువ్వు మాత్రం నన్ను అడిగినవ్ నర్సింహా. అందరి ముంగట అడిగినవ్."

అంతే. ఇక ఆయన ఆ సంగతి ఎత్తలేదు. నిజానికి ఏ సంగతీ ఎత్తలేదు. ఇంటికొచ్చాక ఎక్కువసేపు వెనక గదిలోనే ఉండేవాడు. అన్నం స్రవంతి పెడితే తినేవాడు. దుకాణంలోకి రావడం మానేశాడు.

జూన్ మొదట్లో ఒకరోజు జగదీశ్వర్ మిక్సీ పట్టుకుని వచ్చాడు. గడప దగ్గర నిలబడలేదు, లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"మనసుల పెట్టుకోకు నర్సింహా. మీ బాపు మొన్న నా దుకాణంకాడికి వచ్చి అందరికి చెప్పిండు. న్యూట్రల్ సంగతి నాకు తెల్సు, మా వానికి తెల్వదు, నేనే వానికి గుడ చెప్పలే అన్నడు. గంత తెల్సిన మనిషి, మెయిన్ బంద్ పెట్టుకోండ్రి అని ఒక్క మాట అంటే పోయేది. ఏం మనిషో! సేట్ పాణం మీదికి తెచ్చిండు. నీ తప్పేమున్నది పాపం."

మిక్సీ తీసుకున్నాను. "రేపిస్తానన్నా" అన్నాను. ఆయన వెళ్లాక కూడా దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను.

తరువాత గమనించాను. బాపు చాయ్ హోటల్ బల్ల మీద కూర్చుంటే పక్కవాళ్లు మెల్లగా లేచిపోతున్నారు. నా దుకాణానికి మాత్రం మునుపటి కంటే ఎక్కువమంది వస్తున్నారు. సామాను వదిలేసి నమ్మకంగా వెళ్లిపోతున్నారు. అలా నాలుగు రోజులు పనిచేశాను. ఐదో రోజు చేయలేకపోయాను.

అది మిరుగు నాడు, ఇంటింటా చేపలు వండుకునే మృగశిర కార్తె మొదటి రోజు. వాన ఇంకా పడలేదు గానీ గల్లీ అంతా చేపలు తోముతున్న వాసన. నేను పొద్దున్నే ట్రూప్ బజారుకు వెళ్లి, ఓల్టేజీ హద్దు దాటగానే లైను మొత్తం కట్ చేసే డబ్బా ఒకటి తెచ్చాను. మీటరు పక్కన బిగిస్తే ఇల్లంతటికీ కాపలా. ఇది మొదటే అమ్మి ఉండాల్సింది. దాన్ని తీసుకుని నాగమణమ్మ ఇంటికి వెళ్లాను.

రామలింగయ్య సేట్ దవాఖాన నుంచి వచ్చి మూడు రోజులైంది. అద్దెకు తెచ్చిన మిషను మంచం పక్కన గురగురమంటోంది. ఆయన నిద్రపోతున్నాడు. నాగమణమ్మ నేలమీద కూర్చుని గోరుచిక్కుడుకాయలు తుంచుతోంది.

"అమ్మా, ఒక మాట చెప్పాలె."

"చెప్పు."

"మా బాపు మీకు చెప్పింది నిజం కాదు. నాకు తెల్సు. న్యూట్రల్ పోతున్నదని మొదటి పదిరోజుల్లోనే తెల్సు. తెల్సి గుడ నీకు ఆ స్టెబిలైజర్ అమ్మిన. బాపు రోజూ ఎండల నిలవడి మీ మిషను కాలకుంట చూసుకున్నడు. ఆయనను ఆపిన రోజే కాలింది."

ఆమె చేతులు ఆగలేదు. రెండు కాయలు తుంచి చాటలో వేసింది. నేను ఆమె తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"నీ చేతిలున్నది ఏంది?" అంది చివరికి.

చెప్పాను. పైసలు వద్దన్నాను, బిగించి పోతానన్నాను.

"నువ్వు ముట్టకు." గొంతు పెంచలేదు. "అంజన్నను పంపు."

దిగి, డబ్బా మీటరు పెట్టె కింద పెట్టి వచ్చాను. బాపు వెనక గదిలో మంచం మీద కూర్చుని, తెరిచిన తలుపులోంచి దుకాణం మీదుగా గల్లీలోకి చూస్తున్నాడు. నేను నాగమణమ్మ ఇంటికి వెళ్లడం, రావడం అక్కడి నుంచి కనిపిస్తుంది.

"బాపూ, నాగమణమ్మ నిన్ను రమ్మంటున్నది. డబ్బా బిగియ్యాలె."

"ఏం చెప్పినవ్ ఆమెకు?"

"ఉన్నది చెప్పిన."

"ఆమెకు ఒక్కదానికేనా?" అన్నాడు.

నేను దుకాణంలోకి వచ్చి, బాగుచేసిన మిక్సీ తీసుకుని గల్లీ దాటాను. జగదీశ్వర్ దుకాణం ముందు ఐదారుగురు ఉన్నారు. మిక్సీ గల్లాబల్ల మీద పెట్టాను. "అన్నా, మా బాపు మీకు అబద్ధం చెప్పిండు" అన్నాను. నాగమణమ్మకు చెప్పిందంతా మళ్లీ చెప్పాను. ఆమె దగ్గర కంటే ఇక్కడ కష్టమైంది. చెప్పడం అయ్యాక నా దగ్గర టీవీ ఇచ్చినాయన ఒకరు, అది ఎంతవరకు వచ్చిందని కూడా అడగకుండా "సాయంత్రం వచ్చి తీసుకపోత" అన్నాడు. జగదీశ్వర్ మిక్సీని తన వైపు లాక్కుని గిన్నె మూత తీసి లోపలికి చూశాడు.

నేను వెనక్కి తిరిగాను. బాపు అప్పటికే బయటికొచ్చి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. జేబులో టెస్టరు, చేతిలో కటింగ్ ప్లేయరు. నన్ను దాటి, దుకాణం ముందున్న వాళ్లందరినీ దాటి, మీటరు పెట్టె దగ్గరికి వెళ్లి తలెత్తి చూశాడు. పెట్టె ఆయనకు అందే ఎత్తులో లేదు.

"నర్సింహా" అని పిలిచాడు. రెండు వారాల్లో నా పేరు పిలవడం అదే మొదలు. "నిచ్చెన పట్టుకరా. వచ్చి కింద గట్టిగ పట్టుకో."